తొమ్మిది మంది పరిగెత్తారు, తొమ్మిది మందీ పూర్తి చేశారు

1928 ఆగస్టు 2న ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల 800 మీటర్ల ఫైనల్ జరిగింది. ఒలింపిక్స్‌లో ఆడవాళ్లు అంత దూరం పరిగెత్తడం అదే మొదటిసారి. ఆ తర్వాత అమెరికా, ఇంగ్లండ్ పత్రికల్లో వచ్చిన కథనాలు చదివితే అక్కడ జరిగింది పరుగు పందెమా, ఏదైనా ప్రమాదమా అన్న అనుమానం వస్తుంది. న్యూయార్క్ పత్రిక ఒకటి అయితే మొత్తం పదకొండు మంది పరిగెత్తారనీ, అందులో ఐదుగురు మధ్యలోనే ఆగిపోయారనీ, ఇంకో ఐదుగురు గీత దాటగానే కుప్పకూలారనీ రాసింది. ఇంత దూరం పరిగెత్తే ఆడవాళ్లు వయసు రాకముందే ముసలివాళ్లైపోతారని లండన్ పత్రికలో వైద్యుల మాటగా వచ్చింది.

ఇప్పుడు ఫలితాల పట్టిక తీసి చూడండి. పరిగెత్తింది తొమ్మిది మంది. పూర్తి చేసింది తొమ్మిది మంది. మధ్యలో ఆగిపోయినవాళ్లు ఒక్కరూ లేరు. జర్మనీ అమ్మాయి లీనా రాడ్కె 2 నిమిషాల 16.8 సెకన్లలో గెలిచింది. జపాన్ అమ్మాయి కినుయె హితోమి 2:17.6తో రెండో స్థానంలో, స్వీడన్ అమ్మాయి ఇంగా గెంట్జెల్ 2:17.8తో మూడో స్థానంలో వచ్చారు. ముగ్గురూ అప్పటిదాకా ఉన్న ప్రపంచ రికార్డును దాటేశారు, రాడ్కె పెట్టిన కొత్త రికార్డు 1944 దాకా ఎవరికీ అందలేదు. ఆ రేసు ఫిల్మ్ ముక్క ఇప్పటికీ ఉంది, అందులో గీత దగ్గర ఒకామె తూలి పడుతుంది, పక్కనున్నవాళ్లు లేపుతారు, మిగతావాళ్లు ఆయాసంతో నడుములు పట్టుకుని నిలబడతారు. శక్తంతా పెట్టి 800 మీటర్లు పరిగెత్తిన మనిషి ఎవరైనా అలాగే ఉంటారు. స్కూల్ గ్రౌండ్‌లో రెండు రౌండ్లు నిజంగా వేగంగా పరిగెత్తి చూసినవాళ్లెవరికైనా ఈ సంగతి తెలుసు.

పాత క్రీడాకారుల గురించి చదువుతున్నప్పుడు నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధపెట్టిన విషయం ఇదే. ఆ రేసు తర్వాత ఆడవాళ్ల 800 మీటర్లను ఒలింపిక్స్ నుంచి తీసేశారు. మళ్లీ వచ్చింది 1960 రోమ్‌లో. ముప్పై రెండేళ్లు! 1932లో, 1936లో ఆడవాళ్లకి ఉన్న వ్యక్తిగత పరుగుల్లో అన్నిటికంటే పొడవైనది 100 మీటర్లు, 1948లో 200 చేర్చారు, అక్కడే ఆగింది. 1952 హెల్సింకికి మన దేశపు ఆడవాళ్లలో మొదటిసారి అథ్లెటిక్స్‌కి వెళ్లిన నీలిమా ఘోష్, మేరీ డిసౌజా కూడా 100, 200 మీటర్లూ చిన్న హర్డిల్సూ పరిగెత్తి వచ్చారు, అంతకు మించి పరిగెడతామన్నా అక్కడ రేసే లేదు. ఇదంతా ఆ పత్రికల వల్లే అని నేను అనను. ఆడవాళ్లు ట్రాక్ మీదకి రావడమే ఇష్టం లేని పెద్దమనుషులు అధికారిక కమిటీల్లో అప్పటికే బోలెడంతమంది ఉన్నారు, వాళ్లకి కావలసిన సాకు పత్రికలు తెచ్చి చేతికిచ్చాయి, అంతే.

పడిపోవడం అన్నది నిజంగా అంత పెద్ద నేరమైతే మగవాళ్ల మారథాన్‌ని 1908లోనే ఆపేయాలి. ఆ ఏడాది లండన్‌లో ఇటలీకి చెందిన డొరాండో పియెత్రి స్టేడియంలోకి అందరికంటే ముందొచ్చాడు, వచ్చి అటు తిరగాల్సింది ఇటు తిరిగాడు, పడ్డాడు, లేచాడు, మళ్లీ పడ్డాడు, చివరికి అధికారులే పట్టుకుని గీత దాటించారు. సాయం తీసుకున్నాడని పతకం ఇవ్వలేదు కానీ మర్నాడు ఇంగ్లండ్ రాణి అలెగ్జాండ్రా పిలిచి ప్రత్యేకంగా ఒక కప్పు బహుకరించింది, ప్రపంచమంతా అతని పేరు మార్మోగిపోయింది. 1912 స్టాక్‌హోమ్‌లో పోర్చుగల్ రన్నర్ ఫ్రాన్సిస్కో లాజరో మారథాన్ దారిలో ఎండకి కుప్పకూలి మర్నాడు చనిపోయాడు. మనిషి ప్రాణమే పోయింది. అయినా మారథాన్ ఆగలేదు, తర్వాతి ఒలింపిక్స్‌లో యథావిధిగా పెట్టారు. మగాడు పడితే అది వీరత్వం, ఆడది రొప్పితే అది అనర్థం. కోపం రాకుండా ఈ రెండు వార్తలూ పక్కపక్కన పెట్టుకుని చదవడం నావల్ల కాలేదు.

అసలు ఆ 1928 రేసు ఉండటానికే ఒక మనిషి పదేళ్ల పాటు కొట్లాడాల్సి వచ్చింది. ఆమె అలీస్ మిలియా, ఫ్రాన్స్‌లోని నాంత్‌లో 1884లో పుట్టింది, పడవ పందేల మనిషి. 1919లో ఆడవాళ్ల అథ్లెటిక్స్‌ని ఒలింపిక్స్‌లో చేర్చమని అడిగితే కుదరదన్నారు. ఒలింపిక్స్‌ని మళ్లీ మొదలుపెట్టిన కూబెర్తాఁ దొర ఆడవాళ్ల ఒలింపిక్స్ అన్న ఆలోచనే పనికిరాదని, చూడ్డానికి కూడా బాగోదని 1912లోనే రాసి పెట్టాడు, కాబట్టి ఆ జవాబు రావడంలో వింతేమీ లేదు. మిలియా దరఖాస్తులు పెడుతూ కూర్చోలేదు. 1921లో ఆడవాళ్ల కోసం అంతర్జాతీయ సమాఖ్య పెట్టింది, 1922 ఆగస్టు 20న పారిస్‌లోని పెర్షింగ్ స్టేడియంలో "మహిళా ఒలింపిక్స్" అని పేరు పెట్టి మరీ పోటీలు జరిపింది. ఒక్కరోజు, ఐదు దేశాలు, పదకొండు పోటీలు, చూడ్డానికి వచ్చిన జనం ఇరవై వేలు. ఇంతమంది డబ్బిచ్చి చూడ్డానికి వస్తారని కమిటీ పెద్దలు ఊహించలేదు. మా పేరు వాడకూడదు అని గొడవ మొదలుపెట్టారు, బేరసారాలు జరిగాయి, ఆమె "ఒలింపిక్స్" అన్న పేరు వదులుకుంది, బదులుగా 1928లో ఆడవాళ్లకి అథ్లెటిక్స్‌లో చోటు దొరికింది. ఐదంటే ఐదు పోటీలు: 100 మీటర్లు, 800 మీటర్లు, రిలే, హైజంప్, డిస్కస్. ఇంత తక్కువా అని ఇంగ్లండ్ అమ్మాయిలు అసలు రానేలేదు, బహిష్కరించి ఇంట్లో కూర్చున్నారు. ఆ ఐదులోంచి కూడా ఒకటి ఊడిపోతుందని అప్పుడు ఎవరనుకున్నారు?

ఇక హితోమి. ఈమె గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఏమనుకోకండి.

కినుయె హితోమి 1907 జనవరి 1న జపాన్‌లోని ఒకాయామా ప్రాంతంలో పుట్టింది. 1926లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో మిలియా సమాఖ్య రెండోసారి పోటీలు పెట్టినప్పుడు జపాన్ నుంచి వెళ్లింది ఈమె ఒక్కతే, సైబీరియా మీదుగా రైలెక్కి అంత దూరం ప్రయాణం చేసి వెళ్లింది. లాంగ్‌జంప్‌లో 5.50 మీటర్లతో గెలిచింది, నిలబడి దూకే లాంగ్‌జంప్ కూడా గెలిచింది, డిస్కస్‌లో రెండో స్థానం, 100 గజాల్లో మూడో స్థానం. వ్యక్తిగత పాయింట్లలో అందరికంటే ముందు ఆమే. ఒక్కతే వెళ్లి ఒక దేశం జట్టు మొత్తం చేయాల్సిన పని చేసొచ్చింది. ఒసాకాలో పత్రికలో ఉద్యోగం చేస్తూనే ఇవన్నీ చేసింది, వ్యాసాలు రాసేది, పుస్తకాలు రాసింది.

1928 వచ్చేసరికి ఆమె లాంగ్‌జంప్ ప్రపంచ రికార్డు 5.98 మీటర్లు. కానీ ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆడవాళ్లకి లాంగ్‌జంప్ లేదు (అది వచ్చింది 1948లో). ప్రపంచంలో ఎవరికంటే బాగా చేయగలిగిన పనే అక్కడ లేదన్నమాట. సరే 100 మీటర్లు ఉంది కదా అని దానిమీద ఆశ పెట్టుకుంది, సెమీఫైనల్లో ఓడిపోయింది. జపాన్ జట్టులో ఉన్న ఒకే ఒక్క ఆడపిల్ల, దేశమంతా ఆమె మీద పెట్టుకున్న ఆశ, చేతిలో ఏమీ లేదు. ఈ ఓటమితో ఇంటికి వెళ్లలేను అనుకుంది. అంతకుముందు అంతర్జాతీయ పోటీల్లో ఒక్కసారి కూడా పరిగెత్తని 800 మీటర్లలోకి దిగుతానని పట్టుబట్టింది. స్ప్రింటర్ 800 పరిగెత్తడం ఎంత కష్టమో ఆ ఆట తెలిసినవాళ్లని అడగండి, మొదటి ల్యాప్‌లో కాళ్లు వేగంగా వెళ్లిపోదామంటాయి, రెండో ల్యాప్‌లో అవే కాళ్లు మాట వినవు. హీట్స్ (తొలి దశ పరుగులు) దాటింది, ఫైనల్‌కి వచ్చింది, ఆఖర్లో ఒక్కొక్కరినే దాటుకుంటూ గెంట్జెల్‌ని సెకనులో ఐదో వంతు తేడాతో వెనక్కి నెట్టి వెండి పతకం తెచ్చుకుంది. ఆసియా నుంచి ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన తొలి మహిళ ఆమే.

ఈ పరుగునే పత్రికలు విషాదంగా రాశాయి.

1930లో ప్రాగ్‌లో మళ్లీ పోటీలకి వెళ్లింది, లాంగ్‌జంప్ మళ్లీ గెలిచింది. తిరిగొచ్చాక ఆరోగ్యం పాడైంది, 1931లో న్యుమోనియాతో చనిపోయింది. అప్పటికి ఆమె వయసు 24. చనిపోయిన తేదీ ఆగస్టు 2, సరిగ్గా ఆ 800 మీటర్ల ఫైనల్ జరిగి మూడేళ్లు. ప్రాగ్‌లోని ఓల్షాని శ్మశానంలో ఆమె పేరు మీద ఒక స్మారక ఫలకం ఉంది. చెక్ దేశస్థులు ఎక్కడో జపాన్ అమ్మాయిని అలా గుర్తు పెట్టుకున్నారంటే ఆ పోటీల్లో ఆమెని చూసినవాళ్ల మీద ఎంత ముద్ర వేసి ఉంటుందో ఆలోచించండి.

అదే రేసులో ఇంకో కథ కూడా ఉంది. కెనడా నుంచి ఇద్దరు ఫైనల్లో ఉన్నారు, జీన్ థామ్సన్, బాబీ రోజెన్‌ఫెల్డ్. థామ్సన్‌కి 17 ఏళ్లు, ప్రాక్టీసులో కాలికి దెబ్బ తగిలి అక్కడికి వచ్చింది. రోజెన్‌ఫెల్డ్ అసలు 800 కోసం సాధన చేసిన మనిషి కాదు, ఆమెది 100 మీటర్లు, రిలే (ఆ ఒలింపిక్స్‌లోనే 100లో వెండి, రిలేలో బంగారం గెలిచింది). చిన్నపిల్లకి తోడుగా ఉండటం కోసమే ఆమెని ఇందులో దింపారు. ఆఖరి మీటర్లలో థామ్సన్ తడబడుతుంటే వెనకనుంచి వచ్చిన రోజెన్‌ఫెల్డ్ దాటి వెళ్లిపోకుండా పక్కనే పరిగెత్తుతూ, ధైర్యం చెబుతూ, ఆ పిల్లని నాలుగో స్థానంలో గీత దాటించి తాను ఐదో స్థానంలో ఆగింది. తోటి అమ్మాయి కోసం తన స్థానం వదులుకునేంత శక్తీ, తెలివీ, మనసూ ఆ ఆఖరి క్షణంలో ఆమెకి ఉన్నాయి. ఆడవాళ్ల శరీరానికి ఈ దూరం తట్టుకునే బలం లేదని రాసినవాళ్లు ఇది చూడలేదా, చూసీ రాయలేదా? తర్వాత ఆర్థరైటిస్ వచ్చి ఆటలు మానుకోవాల్సి వచ్చినా ఆమె క్రీడల గురించి పత్రికలో ఏళ్ల తరబడి రాసింది, 1950లో కెనడా పత్రికలవాళ్లు అర్ధ శతాబ్దపు ఉత్తమ క్రీడాకారిణిగా ఆమెనే ఎన్నుకున్నారు.

చరిత్ర పుస్తకాలు 1928 నుంచి 1960కి ఒక్క గెంతులో వెళ్లిపోతాయి. మధ్యలో పుట్టి, పెరిగి, బాగా పరిగెత్తి, వయసు దాటిపోయినవాళ్ల సంగతి? 1954 మే 6న రోజర్ బానిస్టర్ మైలు దూరాన్ని నాలుగు నిమిషాల లోపు పరిగెత్తాడని అందరికీ తెలుసు, క్విజ్‌లలో అడుగుతారు. సరిగ్గా 23 రోజుల తర్వాత, మే 29న, అదే ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్‌లో డయాన్ లెదర్ అనే అమ్మాయి మైలును 4:59.6లో పరిగెత్తింది. ఐదు నిమిషాల లోపు మైలు పరిగెత్తిన మొదటి మహిళ. అంతకు మూడు రోజుల ముందు 5:00.2 దగ్గర ఆగిపోయింది, అంటే ఎంత ఉత్కంఠగా ఉండి ఉంటుందో చూడండి. బర్మింగ్‌హామ్ యూనివర్సిటీలో కెమిస్ట్‌గా పనిచేస్తూ సాయంత్రాలు సాధన చేసేది. మరుసటి ఏడాదికల్లా టైంని 4:45కి తెచ్చింది, ఏడాదిన్నర లోపే దాదాపు పదిహేను సెకన్లు. కానీ ఆడవాళ్ల మైలు రికార్డులను అంతర్జాతీయ అథ్లెటిక్స్ సమాఖ్య 1967 దాకా గుర్తించనే లేదు కాబట్టి ఆమెది అధికారికంగా ప్రపంచ రికార్డు కూడా కాదు, "ఉత్తమ సమయం" అంతే. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌ నాటికి ఆమె మంచి ఫామ్‌లో ఉంది, అక్కడ ఆమె పరిగెత్తగలిగే దూరమే లేదు. 1960లో 800 తిరిగొచ్చేసరికి ఆమె ఉత్తమ కాలం దాటిపోయింది, రోమ్‌కి వెళ్లింది, హీట్స్‌లోనే వెనుదిరిగింది. ఆ బంగారు పతకం సోవియట్ అమ్మాయి ల్యుద్మిలా షెవ్త్సోవాకి వెళ్లింది, 2:04.3, రాడ్కె కంటే పన్నెండు సెకన్లు ముందు. ముప్పై రెండేళ్లలో ఎవరూ ముసలివాళ్లైపోలేదు, వేగమే పెరిగింది.

నాకు లెదర్ కథ బానిస్టర్ కథ కంటే ఏ మాత్రం చిన్నది కాదు. బానిస్టర్‌ని తక్కువ చేయడానికి చెప్పడం లేదు, ఆయనా గొప్పవాడే. కానీ ఆయన పరుగుకి ముందు ఏళ్ల తరబడి ప్రపంచమంతా ఎదురుచూసింది, లెదర్ పరుగు కోసం ఎదురుచూసింది లెదర్ ఒక్కతే.

మారథాన్ సంగతికొస్తే ఇంకా వెనక్కి వెళ్లాలి. 1896లో ఏథెన్స్‌లో మొట్టమొదటి ఒలింపిక్ మారథాన్ జరిగినప్పుడు స్టామాటా రెవితి అనే పేద గ్రీకు స్త్రీ, చంటిబిడ్డ తల్లి, నేనూ పరిగెడతాను అని మారథాన్ ఊరికి వచ్చింది. ఒప్పుకోలేదు. మర్నాడు పొద్దున ఎనిమిదింటికి ఆ దారినే ఒంటరిగా బయల్దేరింది. బయల్దేరే ముందు ఆమె ఒక పని చేసింది: ఊరి బడిపంతులు దగ్గరా, ఊరి పెద్ద దగ్గరా, మేజిస్ట్రేట్ దగ్గరా తాను ఎన్ని గంటలకి బయల్దేరిందో కాగితం మీద సంతకాలు పెట్టించుకుంది. ఏథెన్స్ చేరాక మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి అక్కడున్న సైనికాధికారుల చేత చేరిన సమయం రాయించి మళ్లీ సంతకాలు తీసుకుంది. ఐదున్నర గంటలు, నలభై కిలోమీటర్లు. తన మాట ఎవరూ నమ్మరని ఆమెకి ముందే తెలుసు. గెలిచిన స్పిరిడాన్ లూయిస్‌కి స్టేడియం నిండా జనం సాక్షులు, ఈమెకి జేబులో కాగితమే సాక్షి.

డెబ్బై ఏళ్ల తర్వాత 1966లో బాబీ గిబ్ అనే అమెరికన్ అమ్మాయి బోస్టన్ మారథాన్‌కి దరఖాస్తు పెట్టింది. ఆడవాళ్లు అంత దూరం పరిగెత్తడానికి శారీరకంగా సరిపోరు, నిబంధనల ప్రకారం ఆడవాళ్లకి ఒకటిన్నర మైలు మించి అనుమతి లేదు అని నిర్వాహకుల నుంచి జవాబొచ్చింది. ఆమె అప్పటికే సాధనలో దానికి ఎన్నో రెట్లు పరిగెత్తుతోంది! శాన్‌డియాగోలో బస్సెక్కి రోజుల తరబడి ప్రయాణం చేసి రేసు ముందురోజు బోస్టన్ దగ్గరున్న అమ్మానాన్నల ఇంటికి చేరింది. లోపల ఈత దుస్తులు, పైన సోదరుడి నిక్కరు, తల కప్పేలా టోపీ ఉన్న స్వెట్‌షర్ట్, కాళ్లకి మగపిల్లల బూట్లు, ఎందుకంటే ఆడవాళ్లకి రన్నింగ్ షూస్ అంటూ అప్పటికి ఎవరూ తయారు చేయడం లేదు, అప్పటిదాకా ఆమె నర్సులు వేసుకునే బూట్లతో సాధన చేసింది. హాప్‌కింటన్‌లో ఆరంభ రేఖ దగ్గర పొదల్లో దాక్కుంది, తుపాకీ పేలాక సగం మంది వెళ్లిపోయే వరకూ ఆగి మధ్యలో దూరింది. కాసేపటికి వెనకున్న మగవాళ్లు కనిపెట్టేశారు. ఆమెకి ఒకపక్క ఉక్కపోస్తోంది, స్వెట్‌షర్ట్ తీస్తే అందరికీ తెలిసిపోతుంది, బయటికి గెంటేస్తారేమో అని భయం. పక్కనున్నవాళ్లు ఏమీ కాదు, దారి అందరిదీ, నిన్నెవరూ గెంటకుండా మేం చూసుకుంటాం అన్నారు. తీసి పారేసింది. దారి పొడవునా జనం కేకలు, వెల్‌స్లీ అమ్మాయిల కాలేజీ దగ్గరైతే చెప్పనక్కర్లేదు. కొత్త బూట్లు కరిచి పాదాలు బొబ్బలెక్కి ఆఖరి మైళ్లలో ముళ్లమీద నడిచినట్టు వెళ్లినా 3:21:40లో పూర్తి చేసింది. ఆ రోజు పరిగెత్తిన మగవాళ్లలో మూడింట రెండు వంతుల మంది ఆమె వెనకే వచ్చారు.

ఈ ఘట్టంలో నాకు బాగా నచ్చేది ఆ పక్కన పరిగెత్తిన మగవాళ్ల ప్రవర్తన. నిబంధనలు రాసినవాళ్లు ఒకరు, రోడ్డు మీద చెమటోడ్చినవాళ్లు ఇంకొకరు. ఆ రెండో రకానికి పక్కన ఎవరు పరిగెత్తుతున్నారన్నది సమస్యే కాలేదు.

మరుసటి ఏడాది అదే బోస్టన్‌లో పరిగెత్తిన కేథరిన్ స్విట్జర్ కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది, ఆమె బట్టల మీద 261 నంబర్, అధికారి వెంటపడి ఆ నంబర్ లాగేయబోవడం, ఆమె స్నేహితుడు అతన్ని పక్కకి తోసేయడం, ఆ ఫోటోలు. పేరు "కె. వి. స్విట్జర్" అని రాసి నమోదు చేసుకుంది కాబట్టి నంబర్ దొరికింది. ఆ ఫోటోల ప్రభావం చాలా పెద్దది, ఆమె తర్వాత ఆడవాళ్ల రేసుల కోసం దేశదేశాలూ తిరిగి చేసిన పని ఇంకా పెద్దది. కానీ ఆ 1967లో కూడా గిబ్ పరిగెత్తింది, స్విట్జర్ కంటే దాదాపు గంట ముందే గీత దాటింది. అలాంటి ఫోటో లేనందువల్ల గిబ్ పేరు చాలామందికి తెలియకుండా పోయింది. గిబ్ 1966, 67, 68 విజయాలను బోస్టన్ నిర్వాహకులు గుర్తించింది 1996లో.

1972లో బోస్టన్ ఆడవాళ్లకి అధికారికంగా తలుపు తీసింది, నీనా కుసిక్ గెలిచింది. అదే ఏడాది న్యూయార్క్‌లో ఇంకో మెలిక పెట్టారు, ఆడవాళ్లు పరిగెత్తొచ్చు కానీ మగవాళ్లతో కలిసి బయల్దేరకూడదు, పది నిమిషాలు ముందే వెళ్లిపోవాలి. ఆరుగురు అమ్మాయిలు, కుసిక్ కూడా అందులో ఉంది, తమ తుపాకీ పేలగానే ఆరంభ రేఖ మీదే చతికిలబడి కూర్చున్నారు. చేతుల్లో నిరసన రాసిన అట్టలు. పది నిమిషాలు అలాగే కూర్చుని, మగవాళ్ల తుపాకీ పేలగానే లేచి అందరితో కలిసి పరిగెత్తారు. వాళ్ల టైంకి ఆ పది నిమిషాలూ కలిపేశారు, అయినా సరే అన్నారు. పరిగెత్తడానికి వచ్చినవాళ్లు కూర్చుని నిరసన తెలపడం, ఎంత గట్టి మనుషులో!

ఆ తర్వాత ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల దూరాలు మెల్లమెల్లగా పెరిగాయి, 1972లో 1500 మీటర్లు, 1984లో 3000. మారథాన్ కూడా ఆ 1984 లాస్ ఏంజెలెస్‌లోనే. (400 మీటర్ల హర్డిల్స్ కూడా అప్పుడే మొదలైంది, మన పి.టి. ఉష సెకనులో వందో వంతు తేడాతో కాంస్యం పోగొట్టుకుంది అందులోనే. ఆ రేసు ఒక్క ఒలింపిక్స్ ముందే వచ్చి ఉంటే ఆవిడకి ఎంత అనుభవం ఉండేదో అని నేను ఇప్పటికీ అనుకుంటాను.) మోకాలికి ఆపరేషన్ జరిగిన 17 రోజులకే సెలక్షన్ రేసు పరిగెత్తి గెలిచిన అమెరికన్ జోన్ బెనాయిట్ 2:24:52లో ఆ మొదటి ఒలింపిక్ మారథాన్ గెలిచింది. నార్వేకి చెందిన గ్రేటె వైట్జ్ రెండు, పోర్చుగల్‌కి చెందిన రోసా మోటా మూడు.

బెనాయిట్ గెలిచిన ఇరవై నిమిషాలకి స్టేడియంలోకి గాబ్రియేలా ఆండర్సన్-షీస్ అనే స్విట్జర్లాండ్ రన్నర్ వచ్చింది. ఎండదెబ్బ తగిలి శరీరం ఒక పక్కకి వంగిపోయింది, ఎడమ చెయ్యి వేలాడుతోంది, కాలు ఈడ్చుకుంటూ వస్తోంది. డాక్టర్లు దగ్గరికొస్తే చెయ్యి ఊపి దూరంగా ఉండమంది, ఎందుకంటే ముట్టుకుంటే అనర్హురాలైపోతుంది. ఇంకా చెమట పడుతోంది కాబట్టి ప్రమాదం లేదని అంచనా వేసుకుని డాక్టర్లు ఆమె పక్కనే నడిచారు. ఆ ఆఖరి ల్యాప్‌కి ఐదు నిమిషాల నలభై నాలుగు సెకన్లు పట్టింది. గీత దాటి వాళ్ల చేతుల్లో పడిపోయింది. 37వ స్థానం. రెండు గంటల్లోనే కోలుకుంది.

1928లో జరగనిది ఇక్కడ నిజంగానే జరిగింది, ఒక స్త్రీ తూలుతూ, ప్రపంచమంతా టీవీలో చూస్తుండగా, ట్రాక్ మీద నరకం అనుభవించింది. ఈసారి ఆడవాళ్ల మారథాన్ రద్దు చేయమని కమిటీలు కూర్చోలేదు. స్టేడియం మొత్తం లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. పియెత్రికి 1908లో దక్కిన గౌరవం ఒక ఆడమనిషికి దక్కడానికి 76 ఏళ్లు పట్టిందన్నమాట.

పూర్తిగా ముగిసిపోయిన కథేమీ కాదిది. ఈతలో మగవాళ్లకి 1500 మీటర్ల ఫ్రీస్టైల్ 1908 నుంచీ ఉంటే ఆడవాళ్లకి టోక్యోలో, అంటే 2021లో వచ్చింది. అమెరికా ఈతగత్తె కేటీ లెడెకీ అప్పటికి ఎనిమిదేళ్లుగా ఆ దూరంలో ప్రపంచంలో అందరికంటే మేటి, అయినా 2016 ఒలింపిక్స్‌లో కొలనులో 800 కంటే పొడవైన రేసు ఆమెకి దొరకలేదు, హితోమికి లాంగ్‌జంప్ లేనట్టే. పది పోటీల డెకాథ్లాన్ అయితే ఆడవాళ్లకి ఒలింపిక్స్‌లో ఇప్పటికీ లేదు, ఏడు పోటీల హెప్టాథ్లాన్ మాత్రమే ఉంది. చేయలేరనుకుందామా? లిథువేనియాకి చెందిన ఔస్ట్రా స్కుయిటే 2005లో పది పోటీలూ చేసి 8,358 పాయింట్లు సాధించింది, ఆ ప్రపంచ రికార్డు అధికారిక పట్టికలో ఉంది కూడా. రికార్డు ఉంది, చేసే మనుషులున్నారు, ఒలింపిక్స్‌లో పోటీ పెట్టడమే మిగిలింది.